సున్నం పిన్ని, ఆవిడ నాలుగు రాళ్ళు

కళాకారుల బృందానికి పెద్ద అయిన గడ్డం ఆయన దీవిలో దిగిన మొదటి రోజు, ఉదయం తొమ్మిదిన్నరకి, ఒడ్డునున్న తెల్లరాయి మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆ రాయికి సున్నం వేసి అప్పటికి పావుగంట అయింది. ఆయన వేసుకున్నది నల్ల ప్యాంటు. ఆ చోటు తనతో ఏం చెబుతుందో వినడానికి ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాడు. చోటు ఏమీ చెప్పలేదు గానీ, సున్నం చురుక్కుమని చెప్పింది. లేచి, చుట్టూ చూసుకుని, ఎవరూ గమనించలేదన్న ధైర్యంతో అతిథిగృహం దాకా హుందాగా నడిచి వెళ్ళాడు. వెనకవైపు రెండు నిండు చంద్రులు. భోజనాల దగ్గర శిష్యులు దాన్ని చూసి, అది ఆయన కావాలని చేసుకున్నదే అనుకున్నారు. సాయంత్రానికి వాళ్ళలో ఒకడు తన ప్యాంటుకి కూడా పూసుకున్నాడు.

ఈ వ్యవహారమంతా చూసిన మనిషి సున్నం పిన్ని ఒక్కతే. నవ్వలేదు, తిట్టనూ లేదు. ఆయన అంటించుకుపోయినంత మేర రాయి మళ్ళీ నల్లబడితే, బొక్కెన దగ్గరికి లాక్కుని ఇంకో పూత వేసింది. ఒకే రాయికి ఒకే పూట రెండుసార్లు సున్నం కొట్టవలసి రావడం ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడకి అదే మొదటిసారి. దీవిలో మేకలున్నాయి. తడి సున్నం మీద కూర్చోకూడదన్న ఇంగితం వాటికి కూడా ఉంది.

లాంచీ ఆఫీసు రిజిస్టర్లో పిన్ని హోదా 'గుర్తుల మనిషి'. ఏరు సముద్రంలో కలిసే చోట ఉంది ఆ దీవి. రేవుకీ దీవికీ మధ్య నీళ్ళు చూడటానికి వెడల్పే గానీ, లాంచీ పట్టేంత లోతు మాత్రం ఒక్క సన్నటి దారిలోనే ఉంటుంది. మిగతాదంతా మోకాలిలోతు నీళ్ళు, వాటి కింద బురదమేట. ఆ దారి కంటికి కనపడదు. అందుకని దీవి ఒడ్డున జతలుగా రాళ్ళు నిలబెట్టారు. నీటి దగ్గర పొట్టిది, నలభై అంగలు వెనక గట్టు మీద పొడుగుది. లాంచీ మీంచి చూస్తే పొట్టిది సరిగ్గా పొడుగుదాని కింద నిలబడాలి. నిలబడితే లోతులో ఉన్నట్టు. పక్కకి తప్పుకుంటే మేట మీదికి పోతున్నట్టు. దారికి ఒక వంపు ఉంది గనక జతలు రెండు, రాళ్ళు నాలుగు.

గట్టు మీది పొడుగు రాళ్ళు పాతినవి పాతినట్టే ఉంటాయి. పనంతా పొట్టివాటితోనే. ఏరు ఊరికే ఉండదు. పైన నాలుగు వానలు పడితే చాలు, మేటని ఒకవైపు తిని ఇంకోవైపు కక్కుతుంది. నీళ్ళు బాగా తీసేది అమావాస్యకీ పౌర్ణమికీ. ఆ రెండు రోజుల్లో పిన్ని మోకాళ్ళ పైదాకా బట్టలు ఎగదోపి, గాట్లు పెట్టిన వెదురుగెడ పట్టుకుని బురదలోకి దిగి, లోతు ఎటు జరిగిందో పొడిచి చూసుకుని, గునపంతో పొట్టి రాయిని జానో బెత్తో జరిపి, నాలుగింటికీ సున్నం కొట్టి వస్తుంది. ఒడ్డున మూరెడు జరిపితే నీళ్ళలో దారి రెండు మూడు బారలు జరిగినట్టు లెక్క. ఆ లెక్క ఆవిడకి నేర్పింది వాళ్ళ నాన్న. ఆయనకి నేర్పింది వాళ్ళ నాన్న.

రాళ్ళకి పేర్లు మాత్రం పిన్నే పెట్టుకుంది. మొదటి జతలో పొడుగుది పెద్దాయన, అడుగు విరిగిన పొట్టిది కుంటిది. రెండో జతలో పొడుగుది అత్తగారు, పొట్టిది కోడలు. ఎవరేం మొత్తుకున్నా ఉన్నచోటి నుంచి కదలనిది అత్తగారు గనక, నెలకి రెండుసార్లు సర్దుకుపోవలసింది కోడలు గనక.

అసలు అత్తగారి దగ్గర పిన్ని ఉన్నది రెండేళ్ళే. మొగుడు చెడ్డవాడేం కాదు. కాకపోతే బురదలో కాలు పెట్టకుండా గట్టు మీద కూర్చుని, రాయి కొంచెం ఇటు, ఇంకొంచెం అటు అని సలహాలు చెప్పేవాడు. రెండేళ్ళు విని, మూడో ఏడు గునపం భుజాన వేసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ తరవాత నాన్న ఉద్యోగంతో పాటు నాన్న గది కూడా ఆవిడకే వచ్చింది. రేవు వెనక సందులో ఒకే గది. ఒక మంచం, ఒక స్టూలు, మూత పెట్టిన సున్నం పీపా, తలుపు వెనక గెడ. సున్నానికి పగిలిన అరచేతులకి రాత్రిపూట నూనె రాసుకోవడం తప్ప ఆవిడ తన గురించి తాను చేసుకున్న పని ఇంకేమీ లేదు. లాంచీ నడిపే సరంగు ఆవిడ చెల్లెలి మొగుడే. మా వదిన జీవితంలో నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మనిషి అని రేవంతా చెప్పుకు తిరుగుతాడు. పదిహేనేళ్ళుగా చెబుతున్నా ఆ జోకుకి పిన్ని ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఇలాంటి మనిషికి కళాకారులంటే ఏ మాత్రం గౌరవం కలుగుతుందో మీరే ఊహించుకోండి.

వాళ్ళు ఆరుగురు. ఆరువారాలు ఉండటానికి వచ్చారు. అతిథిగృహం గోడకి గుడ్డ కట్టారు, దీవులూ పురాణాలూ చోటు తాలూకు అర్థమూ అని దాని మీద పెద్ద అక్షరాలు. ఒకతను రోజూ ఏడు సీసాల్లో ఏటినీళ్ళు పట్టి వరసగా పెట్టి, వాటిని చూస్తూ కూర్చునేవాడు. ఒకావిడ చిరిగిన వలని ఒళ్ళంతా చుట్టుకుని ఇసకలో పడుకునేది; విడిపించుకోవడం చేతకాక, దారిన పోయేవాళ్ళని పిలిచేది. పిన్ని రెండుసార్లు విడిపించింది. మూడోసారి చూడనట్టు వెళ్ళిపోయింది. ఇంకొకడు రోజంతా కాగితం మీద చుక్కలు పెట్టేవాడు. ఆరువారాల్లో వాళ్ళలో ఒక్కరు కూడా ఒక్క తాడు ముడి వెయ్యడం నేర్చుకోలేదని పిన్ని లెక్క తేల్చింది.

గడ్డం ఆయనకి మాత్రం సున్నం పిన్ని మీద గురి కుదిరింది. ప్యాంటు అనుభవమే దానికి నాంది అయి ఉండాలి. అమావాస్య రోజున ఆవిడ గెడతో బురదలోకి దిగడం, రాయిని జరపడం, సున్నం కొట్టడం చూశాడు. పౌర్ణమికీ అదే చూశాడు. రెండూ రెండూ కలిపి ఏడు చేసుకున్నాడు. ఇది ఏదో ఆదికాలపు క్రతువు అని, ఈవిడ దాన్ని నడిపే చివరి స్త్రీ అని ఆయనకి తోచింది.

పుస్తకం పట్టుకుని వెంటబడ్డాడు. రాళ్ళకి పేర్లున్నాయా అన్నాడు. ఉన్నాయని చెప్పింది. అత్తగారు, కోడలు అనగానే ఆయన ఊపిరి బిగబట్టి రాసుకున్నాడు. ఎవరు నేర్పారన్నాడు, నాన్న అంది. ఆయనకి ఎవరన్నాడు, వాళ్ళ నాన్న అంది. చంద్రుడికీ దీనికీ సంబంధం ఉందా అన్నాడు, లేకపోతే ఎలా అంది. ఇలా అడిగి అడిగి చివరికి, ఇది మానేస్తే ఏమవుతుందని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏముంది బాబూ, అందరూ బురదలో కూరుకుపోతారు," అంది పిన్ని, ఉన్నమాట ఉన్నట్టు.

ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ వాక్యం రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

విన్న సరంగు మరిదికి నవ్వాగలేదు. పోనీ అసలు సంగతి చెప్పెయ్యరాదా అన్నాడు.

"ఆ రాళ్ళు చూసుకుంటూనే గదరా నువ్వు వాడిని ఇక్కడికి తెచ్చావు," అంది పిన్ని. "నీ పక్కనే నిలబడి వచ్చాడు. కళ్ళున్నవాడికి చెప్పక్కర్లేదు, లేనివాడికి చెప్పి లాభం లేదు."

అలాగని ఆవిడ మరీ రాతిమనిషి అనుకోకండి. మీ మీద సినిమా తీస్తామని వాళ్ళు చెప్పిన రోజున పెట్టె అడుగు నుంచి మంచి బట్టలు తీసి కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, సున్నం కొట్టడానికి వచ్చింది. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోవడమే మంచిదైంది. వారం తరవాత అతిథిగృహం హాల్లో, గోడ మీద ఆ సినిమా వేసి చూపించారు. పద్నాలుగు నిమిషాలు. పద్నాలుగు నిమిషాలూ వంగి సున్నం కొడుతున్న పిన్ని వెనకవైపే. మొహం ఒక్కసారి కూడా పడలేదు. మొహం పడితే ఆవిడ ఒక మనిషి అయిపోతుందని, అది తమకి అక్కర్లేదని గడ్డం ఆయన వివరించాడు. మరిది దగ్గొచ్చినట్టు బయటికి పరిగెత్తాడు. ఆ మంచి బట్టల మీద పడిన సున్నం మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు.

ఇక్కడిదాకా ఇది నవ్వుకునే విషయమే. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. చిక్కేమిటంటే, లాంచీ ఆఫీసులో సూపరింటెండెంటు కూడా ఆ జాతివాడే. కొత్తగా వచ్చాడు. ఆయనకి తెలిసిన నీళ్ళు బల్ల మీది గ్లాసులోవే. ఆ రాళ్ళు ఒక పురాణానికి మిగిలిన ఆనవాళ్ళనీ, ఉన్నవి ఉన్నచోటే కాపాడాలనీ గడ్డం ఆయన మంచి కాగితం మీద ఆయనకి ఉత్తరం రాశాడు. తాము వేసే పుస్తకంలో మొదటి కృతజ్ఞత మీకేనని కూడా రాశాడు. మూడో రోజుకల్లా ఆఫీసు గోడ మీద ఉత్తర్వు పడింది. సదరు రాళ్ళు ప్రాచీన ఆచారానికి చెందినవని తెలియవచ్చినందున వాటిని ఎవరూ ఏ కారణం చేతనూ కదపరాదు. కదిపే పని లేనందున గుర్తుల మనిషి ఉద్యోగం నెలాఖరుతో రద్దు.

పిన్ని ఆ కాగితం రెండుసార్లు చదివింది. పెన్షనుకి ఇంకా రెండేళ్ళుంది. ఆ రోజు మధ్యాహ్నం గదిలో స్టూలు మీద కూర్చుని, ఎండిపోయి శుభ్రంగానే ఉన్న బ్రష్షుని మళ్ళీ కడిగింది. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడిగింది. చెల్లెలు వచ్చి పిలిస్తే తలుపు తియ్యలేదు. వాళ్ళ నాన్న చివరి నెలల్లో మంచం మీంచి కూడా గెడ కావాలని అడిగేవాడు. చేతికిస్తే గాట్లు తడుముకుంటూ పడుకునేవాడు. తనకి ఆ మంచం మీద అడగడానికి ఏం మిగులుతుందో ఆవిడకి తోచలేదు.

తరవాతి అమావాస్యకి అలవాటు కొద్దీ గెడ పట్టుకుని బురదలోకి దిగింది. పొడిచి చూడటం తప్పని ఉత్తర్వులో లేదు. రెండో జత దగ్గర లోతుదారి ఎడమకి మూడు బారలు జరిగిపోయింది. కాళ్ళు కడుక్కుని నేరుగా ఆఫీసుకి వెళ్ళింది.

సూపరింటెండెంటు తల ఎత్తకుండానే, నెలాఖరు ఇంకా కాలేదుగా అన్నాడు.

"దారి జరిగిందండీ," అంది పిన్ని. "కోడల్ని మూరన్నర జరపాలి. లేకపోతే లాంచీ మేటెక్కుతుంది."

కోడలెవరన్నాడు. చెప్పింది. పొట్టిరాయి పొడుగురాయి కింద నిలబడటం, దాన్నిబట్టి సరంగు చుక్కాని తిప్పడం, అంతా చిన్నపిల్లాడికి చెప్పినట్టు అక్షరం విడవకుండా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, అందులో తనకి కావలసిన సగం ఉంచుకున్నాడు.

"చూడమ్మా, నువ్వు చేసేది ఆచారమని వాళ్ళు పుస్తకమే వేస్తున్నారు. ఆచారానికి జీతమిచ్చే పద్ధతి మా ఆఫీసులో లేదు."

"ఆచారం కాదండీ, లాంచీ."

"లాంచీకి మిషను తెప్పిస్తున్నాం. దారంతా తెర మీద కనపడుతుంది."

"అది వచ్చేదాకానో?"

"రాళ్ళున్నాయిగా. ఎక్కడికీ పోవుగా."

"రాళ్ళు పోవండీ," అని పిన్ని లేచి వచ్చేసింది.

వచ్చి మరిదికి చెప్పింది, అత్తాకోడళ్ళ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళని నమ్మకుండా మూడు బారలు ఎడమకి పట్టమని. ఆయన అలాగే పట్టాడు. రెండువారాలు ఏ గొడవా లేకుండా గడిచింది. రోజూ వచ్చే జనానికి తేడాయే తెలియలేదు.

కళాకారుల ప్రదర్శన ఆరోవారం చివర. తేదీ గడ్డం ఆయనే నిర్ణయించాడు. పౌర్ణమి సాయంత్రం నాలుగు గంటలు. అప్పుడు మొదలుపెట్టి, నిండు చంద్రుడు లేచేదాకా చూస్తేనే ఆ రాళ్ళ అర్థం తెలుస్తుందట. నెల మొత్తంలో నీళ్ళు అన్నిటికంటే తక్కువ ఉండే రోజూ, ఆ రోజులో అన్నిటికంటే తక్కువ ఉండే గంటా ఏవని పిన్నిని అడిగి ఉంటే, ఆవిడా సరిగ్గా అదే చెప్పేది. ఆరువారాల్లో వాళ్ళిద్దరూ ఏకీభవించగలిగిన విషయం అదొక్కటే, అదీ మాట్లాడుకోకుండానే.

రాళ్ళ చుట్టూ ఎర్రతాడు కట్టారు. అట్టముక్కల మీద పేర్లు రాసి పెట్టారు. అతిథులు ఇరవై ఇద్దరిని గడ్డం ఆయన స్వయంగా రేవు నుంచి వెంటబెట్టుకుని లాంచీ ఎక్కించాడు. సూపరింటెండెంటు కొత్త బూట్లు వేసుకుని సరంగు పక్కనే నిలబడ్డాడు. చేతిలో ఆ పుస్తకం. అట్ట మీద పిన్ని వీపు.

మొదటి జత దాటేదాకా బాగానే ఉంది. రెండో జత కనపడగానే మరిది చుక్కాని ఎడమకి తిప్పాడు. సూపరింటెండెంటు ఒడ్డుకేసి చూశాడు. పొట్టిరాయి పొడుగురాయి కింద లేదు, పక్కన ఉంది. ఆ రోజు ఆఫీసులో విన్నది అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది ఆయనకి. జీవితంలో మొదటిసారి నీళ్ళ మీద తనకొక విషయం తెలుసు.

"ఏయ్, ఎటు పోతున్నావు? కోడలు తప్పుకుంది, కనపడటం లేదా?" అన్నాడు.

మరిది మూడు బారల సంగతి చెప్పబోయాడు. రాళ్ళు చూసి నడపడం చేతకాని సరంగు తనకి అక్కర్లేదన్నాడు సూపరింటెండెంటు, అతిథులందరికీ వినపడేలా.  మీరు ఆఫీసరు, నేను సరంగుని అని, మరిది చుక్కాని కుడికి తిప్పాడు. కోడలు బుద్ధిగా వచ్చి అత్తగారి కింద నిలబడింది. సూపరింటెండెంటు మొహం విప్పారింది. లాంచీ మెత్తగా, ఎవరికీ దెబ్బ తగలకుండా, మేట ఎక్కి కూర్చుంది.

అరగంటకి చుట్టూ నీళ్ళు పోయి బురద తేలింది. ఒడ్డు రెండువందల అంగలే. గడ్డం ఆయన ముందు దిగి దారి చూపిస్తానని దిగాడు. నడుం దాకా దిగాడు. ఆయన్ని పైకి లాగబోయి సూపరింటెండెంటు ఒక బూటు బురదకి సమర్పించుకున్నాడు. సీసాల మనిషీ, వల చుట్టుకునే ఆవిడా ఒడ్డు మీంచి చూస్తూ నిలబడ్డారు. తాడు విసరమంటే వాళ్ళకి రాదు.

అప్పుడు పిన్ని గెడ ఊపుకుంటూ మేట గట్టి అంచు వెంబడి తీరిగ్గా నడిచి వచ్చింది. మడమలు కూడా పూర్తిగా తడవలేదు. గడ్డం ఆయన చంకలో గెడ దూర్చి ఒక్క ఊపున పైకి లేపి, లాంచీ అంచుకి ఆనించింది. నీళ్ళు మళ్ళీ రావడానికి రెండు గంటలు పడుతుందని, ఈలోపు ఎవరూ దిగొద్దని చెప్పింది.

నీళ్ళు వచ్చాక మాత్రం లాంచీ ఎటు పోవాలన్నాడు సూపరింటెండెంటు, గొంతు బాగా తగ్గించి. వెలుగు తగ్గుతోంది, సరంగు అటూ ఇటూ అంచనాలు వేసే వేళ కాదు అది. కోడల్ని జరిపితే తిన్నగా వచ్చెయ్యొచ్చని చెప్పింది పిన్ని. అయితే జరుపు అన్నాడాయన.

"కదపకూడదని కాగితం మీద ఉందిగా. కదపొచ్చని కూడా కాగితం మీదే ఉండాలి."

కాగితమేది ఇక్కడ అన్నాడు. ఆయన చేతిలోని పుస్తకం వైపు చూసింది. వెనక అట్ట లోపలివైపు ఖాళీగా ఉంది. గడ్డం ఆయన జేబులో కలం ఉంది. సూపరింటెండెంటు ఒంటి బూటుతో, లాంచీ అంచు మీద పుస్తకం ఆనించుకుని, రాళ్ళు అవసరాన్నిబట్టి కదపవచ్చును అని రాశాడు. పిన్ని చదివి, తిరిగి ఇచ్చింది. ఆయన అర్థం చేసుకుని, గుర్తుల మనిషి ఉద్యోగం రద్దు చేసిన ఉత్తర్వు రద్దు అని రెండో వాక్యం కూడా రాసి సంతకం చేశాడు. పిన్ని పుస్తకాన్ని నడుం దగ్గర దోపుకుని ఒడ్డుకి నడిచింది. ఎర్రతాడు విప్పి చుట్ట చుట్టి, అట్టముక్క తీసి పక్కన పడేసి, గునపం కింద రాతిముక్క పెట్టి, కోడల్ని మూరన్నర జరిపింది. జరిపిన దానికి గబగబా ఒక పూత సున్నం కొట్టింది.

లాంచీ మీద ఇరవై ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ప్రదర్శన మొదలైందనుకున్నారు పాపం. ఇందులో ఎంతో లోతుందని ఒకావిడ పక్కావిడతో అనడం మరిది తన చెవులతో విన్నాడు.

పొద్దుగుంకే వేళకి నీళ్ళు వచ్చాయి. లాంచీ తేలింది. అత్తాకోడళ్ళని ఒక వరసలో పట్టుకుని తిన్నగా వచ్చి ఒడ్డుకి ఆగింది. అతిథులు టీ కోసం అతిథిగృహంలోకి పోయారు. సూపరింటెండెంటు మిగిలిన బూటు చేత్తో పట్టుకుని వాళ్ళ వెనక పోయాడు. గడ్డం ఆయన మాత్రం పోలేదు. గడ్డం నుంచి బురద కారుతుండగా పిన్ని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పుస్తకాలు వెయ్యి అచ్చయ్యాయని, నలుగురిలో నగుబాటు అయ్యానని వాపోయాడు. "ఆరువారాలు మీ వెనకే తిరిగానమ్మా. ఇది లాంచీ కోసమని ఒక్క ముక్క చెప్పలేదే మీరు," అన్నాడు.

పిన్ని బ్రష్షు కడుక్కోవడం ఆపలేదు.

"మీరు కథ అడిగారు బాబూ, పని అడగలేదు."